ఢిల్లీ–టోక్యో: పోతే ఒక లెక్క, వస్తే ఒక లెక్క

ఢిల్లీ నుంచి టోక్యోకి ఆకాశమార్గాన దాదాపు 5,900 కిలోమీటర్లు. విమానం ఏడున్నర, ఎనిమిది గంటల్లో దిగిపోతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం తొమ్మిది గంటలు దాటుతుంది. దూరం అదే కదా, మరి ఈ తేడా ఎక్కడిది?

గాలిది. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంటుంది. జపాన్ మీద చలికాలంలో దాని వేగం ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు మించుతుంది. వెళ్ళే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది, వచ్చేదానికి ఎదురొస్తుంది. ఎండాకాలంలో బలం తగ్గి ఉత్తరానికి జరుగుతుంది కాబట్టి అప్పుడు తేడా కూడా తక్కువే.

1920లలో టోక్యోకి ఈశాన్యాన తతెనోలో బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచినాయన వాసబురో ఒయిషి. ప్రపంచమంతా చదవాలని 1926లో తన నివేదికను ఎస్పెరాంటో అనే అంతర్జాతీయ కృత్రిమ భాషలో వెలువరించాడు. పాపం, ఆ భాష వచ్చినవాళ్ళే తక్కువ!

ఇక గడియారం సంగతి. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. రాత్రి ఎనిమిదికి ఢిల్లీలో విమానం బయల్దేరితే, ఏడున్నర గంటల తర్వాత టోక్యోలో దిగేసరికి అక్కడ పొద్దున్న ఏడు. మన ఒంటికి మాత్రం అది ఇంకా తెల్లవారుజామున మూడున్నరే!