రాగిసంగటి, రక్తపోటు



మన సింహాద్రిపురం, పులివెందుల వైపు రాగిసంగటి తెలియని ఇల్లుండదు. ఆ ముద్దలో కాల్షియం దండిగా ఉంటుంది. వరన్నంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

కాల్షియం అనగానే ఎముకలే గుర్తొస్తాయి. రక్తపోటుకూ దానితో సంబంధముంది. తిండిలో కాల్షియం చాలకపోతే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోనును ఎక్కువగా వదులుతాయి. ఆ ప్రభావంతో రక్తనాళాల గోడలు బిగుసుకుంటాయి. దాంతో బీపీ పెరుగుతుంది.

మరి కాల్షియం తింటే బీపీ తగ్గుతుందా? తగ్గుతుంది, కానీ కొంచెమే. కొంచెమే అని మళ్లీ చెబుతున్నాను. సంగటి తింటున్నాం కదా అని బీపీ మాత్రలు మానకండి.

గర్భిణులకు మాత్రం కాల్షియం చాలా ముఖ్యం. తిండిలో కాల్షియం తక్కువగా ఉన్నచోట గర్భిణులకు కాల్షియం మాత్రలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫిట్స్ దాకా తీసుకెళ్లే బీపీ ముప్పును అవి తగ్గిస్తాయి. అమ్మా, ఆశా కార్యకర్త ఇచ్చిన ఆ మాత్రలను గూట్లో పెట్టి మరచిపోవద్దు. అన్నం తిన్నాక వేసుకోండి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వద్దు. రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి.

ఇక సంగటి పక్కన ఏం పెట్టుకుంటున్నాం? ఊరగాయ, ఉప్పు మిరపకాయలు. ఉప్పు బీపీని పెంచుతుంది. పైగా తిన్న కాల్షియాన్ని మూత్రంలో బయటికి పంపేస్తుంది. వాటి బదులు మునగాకు పప్పు చేసుకోండి. మజ్జిగలో ఉప్పు వేయకండి.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బీపీ చూపించుకోండి. అక్కడ ఆ పరీక్షకు డబ్బులు తీసుకోరు.