మా నాయన ఫొటోలో విమానం
(ట్రస్టు స్కాలర్‌షిప్‌ల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. మెషీన్ షాపులో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. సలహాలు చెప్పడానికి నాకంటే చదువుకున్నవాళ్ళు వేదిక మీద చాలామంది ఉన్నారు. కాబట్టి నేను ఒక పాత ఫొటో గురించి, అందులో ఉన్న విమానం ఏదో తేల్చిన సంగతి గురించి చెబుతాను.

మా నాయన (అప్పటి చిత్తూరు జిల్లావాళ్ళం, మేం అలాగే అంటాం) 1943లో మదనపల్లె దగ్గరి మా పల్లె నుంచి బెంగుళూరు వచ్చారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో రివిట్లు కొట్టే పనిలో చేరారు. వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సాయంతో 1940 డిసెంబరులో పెట్టిన కంపెనీ అది. మొదట హార్లో అనే చిన్న శిక్షణ విమానం, ఆ తర్వాత 1942లో హాక్ అనే యుద్ధవిమానం ఇక్కడ తయారయ్యాయి. 1943లో అమెరికా సైన్యం ఫ్యాక్టరీని తన నిర్వహణలోకి తీసుకుని పెద్ద రిపేరు డిపోగా మార్చింది. యుద్ధం అయ్యాక వాళ్ళు వెళ్ళిపోయారు, మా నాయన ఉద్యోగం మాత్రం నిలిచింది.

ఆయన ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. నలుగురు పనివాళ్ళు ఒక విమానం తోక పక్కన వరుసగా నిలబడ్డారు. మా నాయన కుడి చివర. వెనక వైపు "1944, అమెరికన్ విమానం" అని రాసి ఉంది. మా ఇంట్లో పెళ్ళి జరిగినా, గృహప్రవేశం జరిగినా ఆ ఫొటో తీసి, "చూడండి, రెండో ప్రపంచ యుద్ధంలో మా నాయన" అని చెప్పడం నాకు అలవాటు.

ఆయన మాత్రం ఇంకో కథ చెప్పేవారు. "తెల్లవాళ్ళు పగలగొట్టి పారేసిన విమానాలను మేం అతుకులేసి ఎగరేశాం" అనేవారు. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. పగలగొట్టిన విమానం ఎగరడమేమిటి? నాయన కోతలు అనుకున్నాం. ఒకసారి చుట్టాల ముందే ఆ మాట అనేశాను. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు. 1987లో పోయారు.

రెండేళ్ళ క్రితం మా పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళ అమ్మాయి ఈ ఫొటో చూసింది. అప్పుడు సెకండ్ పీయూసీ చదువుతోంది. మన ట్రస్టు స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లే. "తాతా, దీన్ని స్కాన్ చేసి పెద్దది చేసి చూద్దామా?" అంది. సరే అన్నాను.

ఆ అమ్మాయి మొదట చేసిన పని నాకు నచ్చలేదు. వెనక రాత మీద కాగితం ముక్క కప్పింది. "ముందు బొమ్మ ఏం చెబుతోందో చూద్దాం, రాత తర్వాత" అంది.

తోక రెక్కలు రెండు కనిపిస్తున్నాయి. నిలువుగా, కోడిగుడ్డు ఆకారంలో, మనిషి కంటే ఎత్తు. దాంతో డకోటా పోయింది, దానికి నిలువు రెక్క ఒక్కటే. పెద్ద బాంబర్లలో బి-17కీ ఒక్కటే. రెండు తోక రెక్కలున్నది బి-25 మిచెల్ కావచ్చు, కానీ దాని రెక్కలకు మూలలు తేలి ఉంటాయి, ఇలా గుండ్రంగా ఉండవు. ఇంకొకటి గమనించింది. ఈ విమానం తోక మనుషుల తలలకంటే ఎత్తులో ఉంది. ఆ కాలపు విమానాలు చాలావరకు తోక కింద చిన్న చక్రం మీద ఆని, ముక్కు పైకెత్తి కూర్చునేవి. ముక్కు కింద చక్రమున్నవాటికే తోక ఇలా లేచి ఉంటుంది. అన్నీ కలిపితే మిగిలింది నాలుగు ఇంజన్ల బి-24 లిబరేటర్. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కలు 110 అడుగులు. అమెరికాలో 18 వేలకు పైగా తయారైన బాంబరు.

"చూశావా, అమెరికన్ విమానమే!" అన్నాను.

"తయారీ అమెరికాదే తాతా. ఈ ఫొటోనాటికి ఎవరిదో ఇంకా తేలలేదు" అంది.

విమానం పక్కన వేసే గుండ్రటి గుర్తును రౌండెల్ అంటారు. యుద్ధకాలం ఫొటోకు అది క్యాలెండర్ లాంటిది. అమెరికావాళ్ళు నీలి వలయంలో తెల్ల నక్షత్రం, దాని మధ్యలో ఎర్ర చుక్క వేసేవారు. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యుడితో పొరపాటు పడకుండా 1942లో ఆ చుక్క తీసేశారు. 1943 మధ్యలో రెండు పక్కలా పట్టీలు చేర్చారు. ఇక్కడి బ్రిటిష్, భారత విమానాలకు కూడా అదే కారణంతో ఎరుపు తీసేసి, ముదురు నీలం, లేత నీలం మిగిల్చారు. మన మూడు రంగుల వలయం 1950లో వచ్చింది.

మా ఫొటోలో నక్షత్రం లేదు, పట్టీలు లేవు. తెల్లటి వలయంలో సన్నటి గీతలున్నాయి. ఇన్నేళ్ళూ అది మరక అనుకున్నాను. స్కాన్ చేసి పెద్దది చేస్తే ఆకులున్న చక్రం. అశోక చక్రం! మూడు రంగులు రాకముందు, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో, మన వైమానిక దళం విమానాల మీద చక్రం వేసేవారు. అంటే ఈ ఫొటో 1944ది కానే కాదు. 1948-50 ప్రాంతానిది.

నేను వెంటనే ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు చెప్పుకున్న మాట ఒక్క సాయంత్రంలో వదులుకోవడం అంత తేలిక కాదు. "మరి వెనక రాసి ఉంది కదా" అన్నాను. ఆ అమ్మాయి కాగితం ముక్క తీసి చూసి, కాస్త మొహమాటపడుతూ అంది: "ఇది బాల్‌పెన్‌తో రాసింది తాతా. 1944లో ఇక్కడ బాల్‌పెన్ ఎక్కడిది? ఇంకోటి... మా అద్దె రసీదుల మీద మీరు నాలుగు అంకె ఇలాగే వేస్తారు."

నా చేతిరాతే! ఎప్పుడో ఆల్బం సర్దుతూ, తోచింది నేనే రాసి ఉంటాను. తర్వాత మరిచిపోయి, నా రాతనే సాక్ష్యంగా చుట్టాలకు చూపిస్తూ వచ్చాను.

మరి మన దళానికి లిబరేటర్లు ఎక్కడివి? యుద్ధం ముగిశాక ఈ బాంబర్లను కాన్పూరులో పోగేశారు. అమెరికా అప్పు మీద ఇచ్చినవి కాబట్టి ఇంకెవరూ వాడకుండా పాడుచేసి వదిలారు. లారీలతో గుద్దారనీ, ఇంజన్లలో ఇసుక పోశారనీ చెబుతారు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌వాళ్ళు వెళ్ళి, అక్కడే ఎగరగలిగినంత మేరకు బాగుచేస్తే, టెస్ట్ పైలట్ జిమ్మీ మున్షీ ఒక్కొక్కటిగా బెంగుళూరుకు నడుపుకొచ్చారు. ఇక్కడ పూర్తిగా మరమ్మతు చేసి, నలభైకి పైగా విమానాలను దళానికి అప్పగించారు. ఆ నవంబరులోనే వాటితో 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది. 1968 దాకా మన లిబరేటర్లు ఎగిరాయి. తర్వాత ప్రపంచంలో మ్యూజియాలు లిబరేటర్ కోసం వెతికితే దొరికినవాటిలో చాలా మనవే. అమెరికాలో ఆరిజోనాలోని పీమా మ్యూజియానికి ఒకటి 1969లో వెళ్ళింది. బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి మనం ఇచ్చినది 1974లో.

ఫొటోలో తోక దగ్గర రేకు ఒకే తీరుగా లేదు. నాలుగైదు చోట్ల చదరపు ముక్కలు మెరుస్తున్నాయి, వాటి అంచుల చుట్టూ దగ్గర దగ్గరగా చుక్కల వరుస. రివిట్లు. అతుకులు. మా నాయన చెయ్యి వాటిలో ఒకదాని మీద ఆనించి ఉంది. ఆయన ఊరికే విమానానికి ఆనుకున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ.

పిల్లలు అడుగుతారని రెండు మాటలు. ఇలాంటి ఫొటో దొరికితే ముందు తిరగబడి ప్రింటు వేశారేమో చూడండి. అక్షరాలు, లేకపోతే మగవాళ్ళ చొక్కా గుండీల పట్టీ చెబుతాయి. నలుపు తెలుపు ఫొటోలో రంగు ఊహించకండి. పాతరకం ఫిల్ములో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా, పసుపు కూడా ముదురుగా పడుతుంది. పసుపు రంగు శిక్షణ విమానాన్ని నల్ల విమానం అనుకున్నవాళ్ళున్నారు. కన్ను అలవాటు కావాలంటే ఒక ఆదివారం హెచ్.ఏ.ఎల్. మ్యూజియానికి వెళ్ళండి, కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆవరణలోని మారుత్ జెట్‌ను కూడా చూడండి. వెనక్కి వెళ్ళి, పొగ వదిలే గొట్టాలు ఎన్నో లెక్కపెట్టండి. రెండుంటాయి. దూరం నుంచి దానిలాగే కనిపించే హంటర్‌కు ఒకటే.

తల్లిదండ్రులకు ఒక మనవి. హలసూరులో, మురుగేశపాళ్యలో, విమానపురలో మన తెలుగు కుటుంబాల బీరువాల్లో ఇలాంటి ఫొటోలు ఇంకా ఉంటాయి. వాటి వెనక బాల్‌పెన్‌తో ఏమీ రాయకండి. ఆ సంగతి నన్ను చూసి తెలుసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలచేత అడిగించండి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టే వేరే కాగితం మీద రాయించండి.

మా ఫొటో వెనక నా రాత కొట్టెయ్యలేదు, తప్పు కూడా ఉండనీ అన్నాను. ఆ అమ్మాయి వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి కవర్లో పెట్టింది: "లిబరేటర్. 1948-50 మధ్య. కుడి చివర ఉన్నాయన దీనికి అతుకులు వేశానని చెప్పేవారు." "చెప్పేవారు అని ఎందుకమ్మా, వేశారు అని రాయి" అన్నాను. "ఈ విమానానికే వేశారో లేదో ఫొటో చెప్పదు కదా తాతా" అంది. అలాగే ఉంచాం.