కదలననుటకు హక్కు
(కార్యకర్తల శిక్షణ తరగతులలో, దూరప్రయాణపు ట్రైలరుపై కొత్తగా చేరిన డ్రైవరును గురించి చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమంతయు మన వేతనములను గురించి, పింఛనును గురించి చర్చించుకొన్నాము. ఇపుడు నాకు అప్పగించిన విషయము మన సభ్యత్వ పుస్తకములలో పేరు లేని ఒక కార్మికుని గురించినది. అతడు పక్కగోడలు లేని పొడవాటి ట్రైలరుపై ఇనుప కడ్డీలు, దూలములు, యంత్రములు కట్టుకొని విశాఖపట్నము నుండి హైదరాబాదుకు, చెన్నైకి, నాగపూరుకు పోవు డ్రైవరు. అందులోను ఆ పనికి కొత్తగా ఎక్కిన పిల్లవాడు. రైల్వే, తపాలా కార్మికులకు అతనితో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. ఆ పిల్లవాడు తరచుగా మన ఇంటివాడే. మనకు కొలువు దొరికినది గాని మన పిల్లలకు దొరకలేదు. వారిలో ఎందరో నేడు స్టీరింగు పట్టుకొనుచున్నారు.

అట్టి వానిని ఒకనిని నేను ఎరుగుదును. మా శాఖలో గ్యాంగుమనుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న సహచరుని రెండవ కుమారుడతడు. నన్ను బాబాయ్ అని పిలుచును. పేరు చెప్పను. అతని కథలో నా తప్పు కూడ ఉన్నది గనుక దానిని మీ ఎదుట చెప్పుటకు సంకోచింపను.

పని నేర్చుకొను విధానము

లారీ డ్రైవరుకు శిక్షణ పాఠశాల సాధారణముగా క్లీనరు సీటే. మూడు నాలుగేండ్లు గురువు వెంట తిరిగి, టైర్లు మార్చి, పట్టాలు కప్పి, తాళ్ళు బిగించి, వంట చేసి, రాత్రి ఖాళీ రోడ్డుపై స్టీరింగు చేతికిచ్చినపుడు నేర్చుకొనవలెను. చట్టము ప్రకారము రవాణా వాహనము నడుపుటకు 20 ఏండ్లు నిండవలెను. తేలిక వాహనపు లైసెన్సు ఏడాది పాటు చేతిలో ఉన్న తరువాతనే రవాణా వాహనమునకు అభ్యాస లైసెన్సు ఇత్తురు. ఎనిమిదవ తరగతి చదివి ఉండవలెనన్న నియమమును 2019లో తొలగించినారు. ఆ తొలగింపు వలన పేదవానికి తలుపు తెరచుకొన్నది, సంతోషమే. అయితే లోపలికి వచ్చిన వానికి ఈ పని నేర్పువారెవరు?

మూసిన లారీలో బస్తాలు తీసుకొనిపోవు వానికన్న ట్రైలరు డ్రైవరు నేర్చుకొనవలసినది ఎక్కువ. బస్తాలను నాలుగు గోడలు పట్టి ఉంచును. ట్రైలరుపై సరుకును పట్టి ఉంచునది గొలుసు ఒక్కటే. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా దానిపై ఉన్న ఇనుము కూడ అదే వేగముతో పోవుచుండును. డ్రైవరు బ్రేకు తొక్కినపుడు బండి ఆగును. కట్టు సరిగా లేని ఇనుము ఆగదు, ముందుకే పోవును. ముందు ఉన్నది డ్రైవరు వీపు.

ఇనుప పలకపై ఇనుమును పెట్టినచో పట్టు తక్కువ. కాబట్టి నడుమ చెక్క దిమ్మెలు గాని, రబ్బరు గాని వేయవలెను. కడ్డీల కట్టలైనచో ప్రమాదము మరింత. గొలుసు బయటి కడ్డీలను మాత్రమే ఒత్తి పట్టును. కట్ట మధ్యనున్న కడ్డీలు అమ్ముల పొదిలోని బాణముల వలె ముందుకు జారగలవు. అందువలన కట్టల కొనలు ముందు అడ్డు పలకకు ఆని ఉండవలెను. జాగా మిగిలినచో దిమ్మెలతో నింపవలెను. బయలుదేరిన తరువాత కుదుపులకు సరుకు సర్దుకొనును, గొలుసు వదులగును. కనుక కొంత దూరము పోయి ఆగి మరల బిగించవలెను.

అమెరికా దేశములో దీనిని డ్రైవరు ఇష్టమునకు విడిచిపెట్టలేదు. సరుకు బరువులో పదింట ఎనిమిది వంతుల బలము ముందుకు నెట్టినను తట్టుకొనునట్లు కట్టవలెనని, మొదటి 50 మైళ్ళ లోపల ఆగి కట్టును పరీక్షించవలెనని, ఆపైన డ్యూటీ మారినపుడు గాని, 3 గంటలకు లేక 150 మైళ్ళకు గాని, ఏది ముందైన అపుడు మరల చూడవలెనని అక్కడ నిబంధన. మన దేశములోను బండి దాటి వెలుపలికి పొడుచుకొనివచ్చు కడ్డీల రవాణాను 2014లో నిషేధించినారు. వెనుక వచ్చువారి ప్రాణములకు అది అవసరము. అయితే బండిలోపల ముందుకు జారు కడ్డీని ఆపునది నిషేధము కాదు, ఓపికగా వేసిన కట్టు. దానికి సమయము కావలెను.

ఆ రాత్రి

2019లో మా పిల్లవాడు ట్రైలరుపై డ్రైవరుగా ఎక్కినాడు. నెల తిరుగకముందే ఒక సాయంకాలము విశాఖలోని ఒక ప్రైవేటు యార్డు నుండి నాకు ఫోను చేసినాడు. “బాబాయ్, కడ్డీలు పొట్టివి. అడ్డు పలకకు, సరుకుకు నడుమ రెండు మూరల జాగా ఉన్నది. దిమ్మెలు లేవు. గొలుసులు రెండే ఇచ్చినారు. తెల్లవారి సరుకు దిగవలెను, బయలుదేరమనుచున్నారు. ఏమి చేయమందువు?” అని అడిగినాడు.

ముప్పది ఏండ్లుగా సంఘములో పనిచేసినవాడను. అధికారి తప్పుడు ఆజ్ఞ ఇచ్చినపుడు వ్రాతపూర్వకముగా అడుగుమని వందల మందికి చెప్పినవాడను. ఆ పిల్లవానితో నేనన్న మాట ఇది: “కొత్త ఉద్యోగము బాబూ. మొదటి నెలలోనే తగవెందుకు? మెల్లగా పో.”

అతడు మెల్లగానే పోయినాడు. అన్నవరము దాటిన తరువాత రోడ్డుకు అడ్డముగా ఒక ఆటో వచ్చినది. బ్రేకు తొక్కి ఆటోలోని వారిని కాపాడినాడు. వెనుకనున్న కడ్డీలు అడ్డు పలకను వంచి క్యాబినులోనికి దూసుకొనివచ్చినవి. క్లీనరు కూర్చుండు సీటును చీల్చుకొని పోయి, డ్రైవరు ఎడమ కాలిని నుజ్జు చేసినవి. జీతము మిగులునని ఆ ట్రిప్పుకు క్లీనరును పంపలేదు. అందువలన ఆ సీటులో ఎవరును లేరు. పిల్లవాని కాలును మోకాలి క్రింద తీసివేసినారు.

ఆసుపత్రిలో నన్ను చూచి అతడు నింద మోపలేదు. “బాబాయ్, గేరు మార్చుట నేర్పినవారు ఉన్నారు, రివర్సు నేర్పినవారు ఉన్నారు. కదలనని చెప్పుట ఎవరును నేర్పలేదు” అని మాత్రము అన్నాడు. ఆ మాట నన్ను నేటికిని వదలలేదు.

మనకు ఆ హక్కు ఎట్లు వచ్చినది?

రైల్వే సోదరులారా, ఒక్కసారి ఆలోచింపుడు. గూడ్సు బండికి బ్రేకు పవరు సర్టిఫికెట్టు చేతికి రానిదే మన లోకో పైలట్టు బండి కదల్చడు. సరుకు వేసినవారు వేరు, వ్యాగనును పరీక్షించువారు వేరు, సిగ్నలు ఇచ్చువారు వేరు, నడుపువారు వేరు. లోపమున్నదని ఒకరు చెప్పినచో దానిని తగవు అనరు, డ్యూటీ అందురు. ట్రైలరు డ్రైవరు ఒక్కడే లోడింగు గుమాస్తా, పరీక్షకుడు, గార్డు, డ్రైవరు. అన్ని బాధ్యతలును అతనివే. వద్దను అధికారము మాత్రము లేదు.

పని గంటల సంగతి చూడుడు. 1973 ఆగస్టులో లోకో రన్నింగు సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ సూత్రమును ప్రభుత్వము చేత ఒప్పించుకొన్నారు. దాని అమలుకై నేటికిని పోరాడుచున్నాము, నిజమే. అయినను అడుగుటకు మనకొక మాట ఉన్నది.

లారీ కార్మికునికి కూడ కాగితముపై మాట లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజుకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అన్నది. దూరపు మార్గములలో అనుమతితో 10 గంటలు, వారమునకు 54 గంటలు మించరాదన్నది. 5 గంటల పని తరువాత అరగంట విశ్రాంతి, వారమునకొక దినము సెలవు అన్నది. అయితే ఐదుగురికి తక్కువ కాని కార్మికులున్న సంస్థలకే అది వర్తించెడిది. ఒక బండి తన పేరిట, ఒకటి భార్య పేరిట, ఇంకొకటి బావమరిది పేరిట నడుపు యజమాని దానిని సులువుగా దాటిపోయెడివాడు. ఆ చట్టమును 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపివేసినారు. 2025 నవంబరు 21 నుండి ఆ కోడ్ అమలులోనికి వచ్చినదని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. చట్టము పేరు మారినను, రాత్రి రెండు గంటలకు హైవేపై గంటలు లెక్కించు ఇన్‌స్పెక్టరు నాకు ఎక్కడను కనబడలేదు.

మరి తొందర ఎవరిది? ప్రభుత్వపు ఈ-వే బిల్లు 2021 జనవరి 1 నుండి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక దినము గడువు ఇచ్చుచున్నది. విశాఖ నుండి హైదరాబాదుకు 600 కిలోమీటర్లు దాటును గనుక నాలుగు దినములు. కాగితము నాలుగు దినములిచ్చిన ప్రయాణమునకు యజమాని ఫోను రెండు రాత్రులైనను ఇవ్వదు. జీతము ట్రిప్పుల లెక్కన ఉన్నపుడు నిద్రించిన గంటకు కూలి లేదు. సరుకు దింపుటకై గోదాము ముందు పడిగాపులు పడిన దినములకు బత్తా మాత్రమే, అదియు బ్రతిమాలినచో. ఈ లెక్కలో కొత్తవాడు మొదట వదలుకొనునది నిద్ర, తరువాత వదలుకొనునది గొలుసు బిగించు పావుగంట.

ఒక్కటిగా నిలిచినపుడు ఫలితమున్నదని కూడ చూచినాము. ప్రమాదము చేసి పారిపోయిన డ్రైవరుకు పదేండ్ల వరకు శిక్ష విధించు నిబంధనపై 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట లారీలు ఆగినవి. ఆ జూలై 1న కొత్త న్యాయ సంహిత అమలులోనికి వచ్చినపుడు ఆ ఉపనిబంధనను మాత్రము ప్రక్కన ఉంచినారు. సంఘము చూడని డ్రైవర్లు సయితము కదలమని చెప్పగలిగిన దినములవి.

కాగితముల బలము

మా పిల్లవాని విషయములో యజమాని “ఇతడు మా డ్రైవరు కాడు, ఆ రాత్రి ఎవరికో బదులుగా ఎక్కినాడు” అన్నాడు. నియామక పత్రము లేదు. అయితే ఆ పిల్లవానికి తండ్రి నేర్పిన అలవాటు ఒకటి ఉన్నది. ట్రిప్పు షీటు నకలు, డీజిలు చీటీలు, టోలు రసీదులు, యార్డు గేటు వద్ద తన లైసెన్సు నంబరు వ్రాసిన లోడింగు చీటీ, అన్నియు ఒక ప్లాస్టికు సంచిలో పెట్టి ఇంటిలో ఉంచెడివాడు. నెల దినముల ఉద్యోగమునకు అదియే సర్వీసు పుస్తకమైనది.

నష్టపరిహారమునకు యజమానికి రిజిస్టర్డు నోటీసు పంపినాము. అప్పటికి ఆ సేవ వేరుగా ఉండెడిది, 2025 సెప్టెంబరులో స్పీడు పోస్టులో కలిపినారు. కవరు తిరిగివచ్చినది. దానిపై పోస్టుమాను “తీసుకొనుటకు నిరాకరించినారు” అని తేదీతో వ్రాసి సంతకము చేసినాడు. నోటీసు అందలేదని యజమాని వాదించినపుడు కమిషనరు ఎదుట మేము ఆ కవరునే పెట్టినాము. తపాలా సోదరులారా, ఆ పోస్టుమాను ఎవరో నాకు తెలియదు. “ఇంటిలో లేరు” అని వ్రాసి ఉన్నచో మాకు మరొక ఏడాది పోయెడిది. అతడు తన పని తాను సరిగా చేసినాడు, ఒక కాలు లేని పిల్లవానికి న్యాయము దక్కినది. రెండేండ్లు పట్టినది గాని పరిహారము వచ్చినది.

మనము చేయదగినది

సానుభూతి తీర్మానముతో సరిపెట్టవద్దని నా మనవి. మూడు పనులు మన చేతిలో ఉన్నవి.

మొదటిది, గూడ్సు షెడ్డులకు వచ్చు లారీ డ్రైవర్లకు తాగునీరు, మరుగుదొడ్డి, నీడ దొరకునట్లు ప్రతి శాఖయు చూడవలెను. సరుకు ఎక్కించునపుడు కట్టు సరిగా లేదని డ్రైవరు చెప్పినచో అక్కడనున్న మనవాడు అతని ప్రక్కన నిలబడవలెను. ఒక్క సాక్షి ఉన్నచో కొత్తవాని గొంతు పెగలును.

రెండవది, తపాలా శాఖ మెయిలు మోటారు సర్వీసులో అనుభవజ్ఞులైన డ్రైవర్లు మనకు ఉన్నారు. వారు నెలకొక ఆదివారము సంఘ కార్యాలయములో కొత్త డ్రైవర్లకు తరగతి నడుపవలెను. కట్టు, నిద్ర, కాగితములు అను మూడు పాఠములు చాలును.

మూడవది, డ్రైవరుకు పొదుపు ఖాతా తెరిపించి, ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చు సురక్షా బీమా యోజనలో చేర్చుడు. ఈ-శ్రమ్ నమోదు చేయించుడు. చిన్న పనులే, కాని వాటికై ఆ డ్రైవరు ఆగుటకు దినము దొరకదు. మనకు దొరకును.

కొత్తగా తయారగు లారీల క్యాబినులలో 2025లో ఏసీ తప్పనిసరి అయినది. మంచిదే. చల్లని క్యాబినులో కూర్చున్నను వెనుక రెండే గొలుసులున్నచో ప్రమాదము ప్రమాదమే.

మా పిల్లవాడు నేడు ఒక కాటా వద్ద గుమాస్తాగా ఉన్నాడు. బండ్లు తూకమునకు వచ్చినపుడు కృత్రిమపు కాలితో లేచి పోయి ట్రైలరు ముందు భాగము చూచును. జాగా ఉన్నచో కొత్త డ్రైవరుకు చూపించును. తన వద్ద పాత దిమ్మెలు కొన్ని పోగుచేసి ఉంచినాడు, అడిగిన వారికి ఊరకే ఇచ్చును. గత మాసములో నేను పోయినపుడు ఒక పిల్లవాడు ఫోనులో యజమానితో మాట్లాడుచున్నాడు. “దిమ్మెలు వేసి బయలుదేరెదను, గంట ఆలస్యమగును” అనుచున్నాడు. అవతలి వాని కేకలు మాకు వినబడినవి. మావాడు అతని భుజముపై చేయి వేసి నిలబడినాడు. బండి గంట తరువాతనే కదలినది.

ఆనాడు ఫోనులో నేను చెప్పవలసిన మాటను ఈనాడు మీకు చెప్పుచున్నాను. మీ ఇంటి నుండి గాని, మీ వీధి నుండి గాని ఒక కొత్త డ్రైవరు ఫోను చేసి అడిగినచో, ఉద్యోగము పోవునని భయపెట్టకుడు. “కట్టు సరిగా పడువరకు కదలవద్దు, నేను వచ్చుచున్నాను” అని చెప్పి, చెప్పినట్లు పొండు.