అప్పటికప్పుడు పుట్టే నవ్వు



మధ్యాహ్నం వంటింటి పని ముగిసి, పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉన్న ఈ సమయంలో మీతో ఒక ఆట గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ముందుగా రాసుకున్న మాటలు ఉండవు, రంగులు పూసుకోవడం ఉండదు. నలుగురు చేరి అక్కడికక్కడే కల్పించుకుని ఆడే హాస్యనాటకం ఇది. నగరాలలో దీన్ని ఇంప్రొవ్ అంటున్నారు. టిక్కెట్టు పెట్టి ప్రదర్శిస్తున్నారు. కొత్తగా వచ్చేవారికి వేరుగా, కాస్త చెయ్యి తిరిగినవారికి వేరుగా తరగతులు కూడా నడుపుతున్నారు. "ఇవన్నీ మనకెందుకమ్మా" అనకండి. పేరు కొత్తదేగాని పని మనకు పాతదే.

మా కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పెద్దవాళ్లకు పిట్టలదొరను పరిచయం చేయనక్కరలేదు. తుపాకి రాముడని కూడా అంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. వాకిట్లోకి వచ్చి నిలబడి కోతలు కోయడం మొదలుపెడతాడు. ఆ కోతల తీరు ఇట్లా ఉంటుంది: "మొన్న మా ఇంట్ల దావతుకు నిజాంసాగర్ నీళ్లన్ని తోడిపిచ్చి చాయ్ కాసిపిచ్చిన. బాన్సువాడ బర్రెల పాలన్ని పోసినా చాలలే. శక్కెర తక్కువైందని మా దొరసాని అలిగి పోయి లింగంపేట కాడ కూసున్నది." మంజీర మీద 1931లో పూర్తయిన అంత పెద్ద ప్రాజెక్టు ఆయనకు చాయ్ గిన్నె!

ఇందులో కొంత కంఠస్థమే. కాని మిగతాదంతా ఎదుటి ఇంటిని చూసి అప్పటికప్పుడు అల్లాలి. గుమ్మానికి కొత్త రంగు వేశారా, దండెం మీద పట్టుచీర ఆరేశారా, ఇంటావిడ మొహం చిరచిరలాడుతోందా, అన్నీ ఒక్క చూపులో పట్టాలి. ఆ చూపు తప్పిందంటే ఆ పూట గింజలు రాలవు. నాకు మరొకటి కూడా తోస్తుంది. దొరలు, గడీలు రాజ్యమేలిన ఈ నేల మీద, తినడానికి లేనివాడు దొర వేషం కట్టి లేని ఆస్తులు ఏకరువు పెడుతుంటే, జనం నవ్వింది ఆ బీదవాడిని చూసేనా? అసలు దొరను ఎదురుగా పెట్టుకుని నవ్వలేని నవ్వు అక్కడ నవ్వుకున్నారేమో.

పిట్టలదొర ఒక్కడే కాదు. చిందు భాగవతంలో బుడ్డర్‌ఖాన్ వేషం వచ్చిందంటే పిల్లలు నిద్ర లేచి కూర్చునేవారు. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి ఆ ఊరి సంగతులే మాట్లాడతారు. బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఉండనే ఉన్నాడు. ఇక అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం సంగతి చూడండి. అవధాని పద్యం పూరించే ఏకాగ్రతలో ఉండగా ఒక పెద్దమనిషి అడ్డం వచ్చి, "ఏమండీ, మీ ఇంట్లో ఇవాళ వంట ఎవరిది?" లాంటి ప్రశ్న వేస్తాడు. ఆయన తడుముకోకుండా సభ నవ్వేలా జవాబివ్వాలి, పద్యమూ చెడకూడదు. పప్పు పొంగుతుండగా ఫోను మాట్లాడుతూ, పిల్లవాడికి ఎక్కం చెప్పే మనకు ఆ కష్టం వేరే చెప్పాలా?

ఆడవాళ్లకు ఈ విద్య లేదనుకోవడం పొరపాటు. పెళ్లిలో వియ్యపురాలి మీద పాట కట్టే అత్తయ్యను తలచుకోండి. పాత వరుసలోకి ఆ వియ్యపురాలి నడకనూ నగనూ పెట్టె బేడానూ ఎంత చప్పున ఇరికిస్తుంది! అయితే అది పెళ్లి రోజుల ముచ్చట. మిగతా రోజుల్లో "నవ్వు నాలుగు విధాల చేటు" అని మన నోరు మూయించారు. ఆ సామెత మగపిల్లలకు చెప్పగా నేను వినలేదు.

దీన్ని పాఠంగా మలిచి అందరికీ అందించిన వారిలో ముందు చెప్పుకోవలసింది ఒక స్త్రీనే. అమెరికాలో షికాగోకు చెందిన వయోలా స్పోలిన్, 1906లో పుట్టారు. ఊరికి వలస వచ్చిన బీద కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ, ఉపన్యాసాలతో పని జరగదని గ్రహించి, నాటకాన్ని ఆటలుగా విడగొట్టారు. ఆ ఆటలన్నీ కూర్చి 1963లో పుస్తకం వేశారు. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ మిత్రులతో కలిసి 1959లో ప్రారంభించిన సెకండ్ సిటీ అనే హాస్యనాటకశాల నేటికీ నడుస్తోంది. కెనడాలో స్థిరపడిన కీత్ జాన్‌స్టన్ అనే ఇంగ్లీషు మాస్టారు కూడా 1979లో ఒక పుస్తకం రాశారు. ఎదుటివారు అన్నదాన్ని కొట్టిపారేయవద్దు, ఒప్పుకుని ముందుకు నడపండి అని ఆయన పాఠం.

చెప్పుకోవడానికి తేలికే. మా మహిళా బృందంలో మొదటిసారి ఆడినప్పుడు చూశాను. ఒకామె "వదినా, మనం విమానంలో ఉన్నాం" అంటే రెండో ఆమె "ఎక్కడి విమానం, ఇది మీ వరండా కదా!" అన్నది. అంతే, ఆట చచ్చింది. "అవునొదినా, కిటికీ మూయి, పచ్చడి జాడీలోకి మబ్బు వస్తోంది" అని ఉంటే బతికేది. ప్రతి మాటకూ "అబ్బే, అట్ల కాదు" అనడం మనకు ఎంత అలవాటైందో ఆ వరండాలోనే తెలిసింది.

అందుకని కొత్తవారికి మాటలు లేని ఆటతో మొదలుపెట్టండి. చేతిలో ఏమీ లేకుండా ఒక వస్తువు ఉన్నట్టు చూపించాలి, మిగతావాళ్లు కనిపెట్టాలి. మాలో డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ ఉన్నది. బడి మొహం చూడలేదు. ఖాళీ పీట ముందు కూర్చుని జొన్నపిండి తడిపి, రొట్టె తట్టి, పెనం మీద వేసి, వేలు కాలితే చెవి తమ్మె పట్టుకున్నది. అంతమందిమీ కిక్కురుమనలేదు. తర్వాత ఒకరొక మాట చొప్పున కథ చెప్పే ఆట ఆడండి. ఎవరి చేతిలోనూ కథ ఉండదు కనుక ఎవరికీ భయం ఉండదు. ఆ పైన అర్థం లేని భాష ఆట. ఒకరు నోటికొచ్చిన శబ్దాలతో కూరగాయలు అమ్మాలి, పక్కనున్నవారు దాన్ని తెలుగులో చెప్పాలి. మాట రాదని సిగ్గుపడేవారికి ఇది బాగా పనికొస్తుంది. వచ్చిన భాష అయితే కదా తప్పులుండేది!

ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి వచ్చి మా కాలనీలో ఉంటున్న ఒక చెల్లెలు ఉన్నది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. మా జిల్లాలో ఇట్లాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. బ్యాంకు, బడి, కరెంటు బిల్లు, అత్తగారి ఆస్పత్రి అన్నీ ఆమె నెత్తిమీదే. కౌంటరు ముందు నిలబడితే నోరు పెగలక, కాగితం అందించి తలవంచుకుని నిలుచునేది. ఒకరోజు ఆటలో ఆమెకు బ్యాంకు గుమాస్తా వేషం వచ్చింది. "ఫోటో అంటించలె. రేపు రాపో. సర్వర్ లేదు. నీ సంతకం నీ లెక్క లేదు" అని మొహం చూడకుండా విసుక్కుంటుంటే మేం పొట్టలు పట్టుకున్నాం. ఆమె మాత్రం నవ్వలేదు. దిగిపోయే ముందు, "మళ్లొక్కసారి ఆడుదాం, ఈసారి నేను ఇవతల నిలబడత" అన్నది. ఆ మాటకు మా నవ్వు ఆగింది. నాలుగుసార్లు ఆడించాం. నాలుగోసారి గుమాస్తా వేషంలో ఉన్న నన్ను, "రేపంటే ఏ టైముకు సార్, రాసియ్యండి" అని నిలదీసింది. బ్యాంకులో ఇప్పుడు ఎట్లా ఉంటోందని నేనడగలేదు. కిందటి వారం మాత్రం అత్తగారిని కూడా ఆటకు తీసుకొచ్చింది.

ఒక్క నియమం మేం గట్టిగా పెట్టుకున్నాం. ఒకరి రంగు మీద, లావు మీద, కులం మీద, సంతానం లేకపోవడం మీద హాస్యం ఆడకూడదు. టీవీ చూసి చూసి అవే ముందు నోటికొస్తాయి. పిట్టలదొర ఎప్పుడూ తన మీదే వేసుకునేవాడు కదా.

ఎనిమిది మంది చాలు. పది దాటితే రెండు జట్లు చేసుకోండి. చూస్తూ కూర్చునే జట్టు సలహాలు చెప్పకూడదు, ఇది పాటించడమే కష్టం. గంట కంటే ఎక్కువ వద్దు. చాయ్ మాత్రం ముందుగా పొయ్యి మీద పెట్టి రాకండి. ఆట మధ్యలో లేచి వెళ్లడానికి ఎవరూ ఒప్పుకోరు.