గోబర్ గ్యాస్: రైతుకి లెక్క కుదరాలి



పర్యావరణం మాట వస్తే చాలు, "రైతుల్లో అవగాహన పెంచాలి" అంటాం. పేడ నుంచి గ్యాసు, కరెంటు తీసే విషయంలో నా అభిప్రాయం వేరు. పాడి రైతుకి అవగాహన లేక కాదు, లెక్క కుదరక ఆగుతున్నాడు.

మనం ఉంటున్న అమెరికానే చూడండి. వెర్మాంట్ రాష్ట్రంలో 2004లో ఒక విద్యుత్ కంపెనీ 'కౌ పవర్' పథకం మొదలుపెట్టింది. ఇష్టమున్న వినియోగదారులు యూనిట్‌కి 4 సెంట్లు అదనంగా కట్టారు. పేడని గాలి చొరబడని ట్యాంకులో మగ్గబెట్టి, వచ్చిన మీథేన్‌తో జనరేటర్ నడిపే రైతులకి ఆ డబ్బు చేరింది. రైతులు ఒప్పుకున్నది కరెంటు ఒక్కదానికే కాదు. మిగిలిన పీచుని ఆవుల కింద పరుస్తారు కాబట్టి రంపపు పొట్టు కొనే ఖర్చు తప్పింది. ద్రవం పొలానికి ఎరువైంది. కంపు తగ్గింది కనుక పొరుగువాళ్లతో గొడవలూ తగ్గాయి. అయితే ఇంత ఖర్చు భరించగలిగేది ఎక్కువగా వందల ఆవులున్న పెద్ద డెయిరీలే.

మన రైతుకి ఉండేవి రెండు మూడు గేదెలు. 2 ఘనపు మీటర్ల మామూలు గోబర్ గ్యాస్ ప్లాంటుకి రోజుకి సుమారు 50 కిలోల పేడ, దాదాపు అన్ని నీళ్లు కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి. 1981-82లో జాతీయ పథకం మొదలయ్యాక ఊళ్లలో కట్టిన ప్లాంట్లు చాలాచోట్ల మూలపడ్డాయి. కట్టడానికి సబ్సిడీ ఇచ్చారు గాని, పాడైతే బాగుచేసే మనిషిని చూపలేదు. 1999లో దీపం పథకంతో పేద ఇళ్లకీ గ్యాస్ సిలిండర్ వచ్చింది. ఇక రోజూ పేడ కలిపే శ్రమ ఎవరు పడతారు?

గుజరాత్‌లోని ఆణంద్ జిల్లాలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ మరో దారి చూపింది. జకరియాపుర గ్రామంలో తక్కువ పశువులున్న ఇళ్లకి సరిపడే చిన్న ప్లాంట్లు పెట్టించింది. గ్యాసు వంటకి పోగా, బయటికొచ్చే స్లర్రీని మహిళల సంఘం ద్వారా కొనే ఏర్పాటు చేసింది. పెంటకుప్పకి ధర వచ్చింది.

ఆంధ్రాలో, తెలంగాణలో కూడా పూటపూటా వెన్న శాతం చూసి డబ్బులిచ్చే పాల సంఘాలున్నాయి. స్లర్రీ కూడా అవే కొనాలి. సబ్సిడీలో కొంత, ప్లాంటు ఏటా నడుస్తోందని చూశాకే ఇవ్వాలి. మండలానికో మెకానిక్ ఉండాలి. ఈ మూడూ మన ఎమ్మెల్యేలని అడుగుదాం.

మనం సొంత ఊరికి చందా పంపేటప్పుడు కూడా శిలాఫలకానికి కాక, మరమ్మతుకి పంపుదాం.