మీ ఇంట్లో ఏముంది?



రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఒక విధవరాలిని చూస్తాము. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చాడు. ఇంట్లో ఏముందని ఎలీషా అడిగాడు. కొంచెం నూనె తప్ప ఏమీ లేదు. దేవుడు దానినే విస్తరింపజేశాడు. అప్పుడు ప్రవక్త చెప్పిన క్రమము గమనించండి: నూనె అమ్మాలి, అప్పు తీర్చాలి, మిగిలిన దానితో బ్రతకాలి.

మనమైతే ఖర్చులు పోగా మిగిలితే అప్పు కడదామంటాము. నెలాఖరుకు ఏమి మిగులుతుంది? మూడు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే, ఏడాదికి 3,600 వడ్డీకే పోతుంది, అసలు కదలదు. అదే నెలకు 800 కడితే, మొదటి నెలే అసలులో 500 తగ్గుతుంది. మరుసటి నెల వడ్డీ 285 అవుతుంది. పదహారు నెలల్లో అప్పు తీరిపోతుంది.

ఈ రాత్రి భార్యాభర్తలు కలిసి కూర్చోండి. ఎవరికెంత బాకీయో ఒకరికొకరు దాచకుండా వ్రాయండి. జీతం రాగానే ఆ సొమ్ము విడిగా తీయండి. బియ్యము, పాలు, కరెంటు బిల్లు మిగిలిన దానిలో సర్దుకోండి. పండుగ బట్టలకు కొత్త అప్పు చేయకండి.

అప్పు తీరింది గనుక ఆ తల్లి బిడ్డలు ఆమె యొద్దనే నిలిచారు. మన అప్పు మన బిడ్డల మెడకు చుట్టుకోకుండా ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.