చెయ్యి వచ్చింది, మొఖం రాలే

చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు ఉండేవాళ్లకు షూటింగులు కొత్త కాదు. మర్రిచెట్ల రోడ్డుకు అవతల ఒక ఫామ్‌హౌస్‌లో సినిమా తీస్తుంటే మా ఊరి అవ్వ ఒకామె ఒక్కరోజు కూలికి పోయింది. జమీందారుకు చాయ్ అందించే పనిమనిషి వేషం. సినిమా వచ్చినంక ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని పోయి చూసింది. "నా చెయ్యొక్కటే వచ్చింది బిడ్డా, మొఖం రాలే" అన్నది నాతో. చాయ్ తాగినాయన ముఖం మాత్రం తెరంతా ఉంది.

కథ ఎవరిదని అడగడం మనకు అలవాటే. కెమెరా ఎవరి ముఖం దగ్గర ఆగిందో కూడా చూడాలని ఆ అవ్వ మాటతోనే నాకు తెలిసింది.

తెర మీద ముఖం ఎవరిదనే గొడవ సినిమాకు కొత్త కాదు. అమెరికాలో 1915లో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో తెల్లవాళ్లే ముఖాలకు నల్లరంగు పూసుకుని నల్లవాళ్లను దుర్మార్గులుగా చూపించారు. ఆస్కార్ మిషో అనే నల్లజాతి దర్శకుడు 1920లో ‘వితిన్ అవర్ గేట్స్’ తీశాడు. తెల్లవాళ్ల మూక ఒక నల్లకుటుంబాన్ని పొట్టన పెట్టుకోవడాన్ని చచ్చినవాళ్ల వైపు నుంచి చూపించాడు. బానిస కన్నెత్తి చూస్తేనే శిక్ష పడ్డ రోజుల నుంచి ఆలోచించి, నల్లజాతి స్త్రీలు సినిమాను ఎదురుతిరిగి చూస్తారని రాసింది అమెరికా నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్. దొరల కోటలాంటి ఇల్లు, గడి ముందు తల వంచుకుని నడిచిన తెలంగాణకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

మన దగ్గర 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు, గొప్ప సాహసం. కానీ నా మనసు బి. నర్సింగరావు ‘దాసి’ దగ్గరే ఆగుతుంది. 1988 నాటి సినిమా. దొరసాని వెంట అరణంగా గడికి వచ్చిన కమలాక్షి కథ. కడుపులో బిడ్డ కూడా ఆమె సొంతం కాదు. మాటలు బహు తక్కువ, అర్చన ముఖంలోనే అంతా చదువుకోవాలి. ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కళాదర్శకుడు తోట వైకుంఠానికి, దుస్తులు చూసిన సుదర్శన్‌కు కూడా వచ్చాయి. ఆ దుస్తుల అవార్డు విలువ నాకు అవ్వ పక్కన కూర్చుని చూసినప్పుడు అర్థమైంది. "మా అమ్మ గిట్లనే చెక్కుకునేది కొంగు" అని తెర మీదికి వేలు చూపించింది.

సినిమా అయిపోయినంక దొర ఎట్లున్నడని అడిగాను.

"నేను ఆయన దిక్కు సూడలే బిడ్డా" అన్నది.